ఉరుకుడు మూట

మా అమ్మ ఆ మూటకు ఏ పేరూ పెట్టలేదు. పేరు పెట్టింది మా అవ్వ, మా నాయినను కన్నతల్లి. "ఉరుకుడు మూట" అన్నది. మూట ఎట్ల ఉరుకుతది అని నేను నవ్విన. "మూట ఉరకది బిడ్డా, మనల్ని ఉరికిస్తది" అన్నది అవ్వ.

సొంత ఇంట్ల ఉండి, ఎప్పుడు ఉరకాల్నో తెల్వక, తినే తిండి మూట కట్టి పెట్టుకొని కూసున్న బతుకు మాది. అది తలుచుకుంటె నాకు ఏడుపు రాదు, కోపం వస్తది. కోపం తగ్గించుకోవాలె అంటడు డాక్టరు. అన్ని మాటలు వింట గని, ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన మాట వినను.

మేము గొర్లు కాసెటోళ్లం. మా ఊరు నార్కట్‌పల్లి రోడ్డుకు కొన్ని కోసుల దూరం. నిజాం రాజ్యం పోయే ముందటి ఎండకాలం అది. నాకు పదకొండో పన్నెండో ఏండ్లుంటయి. తమ్ముడు ఇంక చంకల పిల్లగాడే. ఊరి నడుమ కోట లెక్క దొర గడి. ఏటేటా మంద నుంచి గొర్రె గడికి పోవాలె. అమ్మ బొచ్చు వడికి నేయించిన గొంగడి పోవాలె. పిలిస్తె మనిషి పోవాలె. పైస ఇయ్యరు, అడగొద్దు. దాన్నే వెట్టి అంటుండె.

ఆ యేడు చుట్టుపక్కల ఊర్లల్ల జనం వెట్టి చెయ్యం అని ఎదురు తిరిగిన్రు. దాని మీద తుపాకులు పట్టుకొని మనుషులు లారీలల్ల దిగుడు మొదలుపెట్టిన్రు. ఒక్కో ఊరు మీద పడి, దొరికినోన్ని కొట్టి, గింజలు ఎత్తుకొని, గుడిసెలు కాలవెట్టి పోతుండె. వాళ్లకు పెద్దోళ్లు ఏమేమో పేర్లు చెప్తుండె. పిల్లలం మేము ఒక్కటే మాట నేర్చుకున్నం, తుపాకులోళ్లు.

పక్కూరు కాలిన మరునాడే అమ్మ మూట కట్టుడు మొదలువెట్టింది. పాత గొంగడి ఒకటి ఇంట్ల పరిచింది. అందరం చుట్టూ కూసున్నం.

ముందుగాల సద్దరొట్టెలు, అంటే సజ్జపిండి రొట్టెలు పెట్టింది. మామూలుగ కాల్చిన రొట్టెలు కావు, పెనం మీద కాల్చి, మళ్ల నిప్పుల పక్కన నిలవెట్టి, చెక్క లెక్క ఎండబెట్టినయి. జొన్నలు వేయించి విసిరిన పిండి ఒక గుడ్డల కట్టింది. ఉప్పు, కారం, చింతపండు, బెల్లం ముక్క. చెకుముకి రాయి, దూది. చిన్న కత్తి. తమ్మునికి కడుపునొప్పి వస్తదని వాము. దెబ్బలకు పసుపు. నీళ్లకు ఎండిన సొరకాయ బుర్ర, దాని మూతికి తాడు.

నాయిన ఇంట్ల నుంచి కంచుపళ్లెం తెచ్చి నడుమ పెట్టిండు. అది వాళ్ల నాయిన తిన్న పళ్లెం.

"తియ్" అన్నది అమ్మ.

"ఇంట్ల ఉన్న మంచి వస్తువు అదొక్కటే" అన్నడు నాయిన.

"అందుకే తియ్ అంటున్న. మోసేది నువ్వు కాదు. నువ్వు గొర్ల ఎంబడి ఉంటవు. నేను యాడుంటనో తెల్వదు. మోసేది గీ పిల్ల."

నాయిన నా దిక్కు చూసిండు. నా మెడ దిక్కు చూసిండనుకుంట. పళ్లెం తీసి పక్కకు పెట్టిండు. లోపలికి పోయి, బొచ్చు కత్తిరించే కత్తెర తెచ్చిండు. అమ్మ దాన్ని చేత పట్టుకొని బరువు చూసింది. "గిది ఉండనియ్. బతికి బయటపడితె దీంతోనే తినాలె" అన్నది.

ఆఖరుకు అవ్వ లేచి, గూట్ల నుంచి మడత పెట్టిన తెల్లబట్ట తెచ్చింది. అది తన చావుకని దాచుకున్న కొత్త బట్ట. ఊర్ల ముసలోళ్లందరు గట్ల ఒక బట్ట దాచుకుంటుండె. ఇంకొకరి పాత చీరల పోవద్దని వాళ్ల తండ్లాట.

"అత్తమ్మా, బతకనీకి కడుతున్న మూట ఇది" అన్నది అమ్మ.

అవ్వ బట్ట మళ్ల గూట్ల పెట్టి వచ్చి కూసున్నది. ఆమె మొకం చిన్నవోయింది. అమ్మ అది చూసింది గని మాట మార్చుకోలేదు.

మూట కట్టి నా నెత్తి మీద పెట్టింది. తమ్మున్ని చంకకెత్తింది. "కంచె దాక ఉరికి రా" అన్నది. ఉరికిన. మెడ వంగిపోయింది. అమ్మ మూట విప్పి కొన్ని రొట్టెలు తీసింది. "మళ్ల ఉరుకు." మళ్ల ఉరికిన. గట్ల విప్పుకుంట, కట్టుకుంట, నేను ఆగకుండ ఉరికేదాక తీసుకుంటనే ఉన్నది. ఒక ఇల్లు ఇల్లంత కలిసి ఒక ఆడపిల్ల మెడ మోసే బరువంత అయింది. తీసేసిన ఒక్కొక్క రొట్టెను చేత పట్టుకొని అమ్మ పండ్లు కొరుకుతున్న చప్పుడు నాకు వినపడ్డది.

మూటను తలుపు ఎనుక కొయ్యకు తగిలించింది. ఆ ఎండకాలం కడుపు నిండిన దినం మాకు యాదికి లేదు. తలుపు ఎనుక మాత్రం తిండి వేలాడుతుండె. చీమలు పడితె దించి, ఎండలో పెట్టి, దులిపి, మళ్ల కడుతుండె అమ్మ. పాతబడ్డ రొట్టెలు మాకు పెట్టి, కొత్తయి చేసి మూటల పెడుతుండె. కొత్తరొట్టె వాసన మూటది, పాతరొట్టె పురుగు మాది. ఆకలిగొన్న పిల్లల ముందట తిండి తగిలించి, దాన్ని ముట్టొద్దని చెప్పాల్సి వచ్చిన తల్లి మీద నాకు ఎన్నడు కోపం రాలేదు. ఆమెకు ఆ గతి పట్టించినోళ్ల మీద ఇయ్యాలటికి పోలేదు.

అవే దినాలల్ల గడిల సుత మూటలు కడుతున్నరు. దొర పట్నం పోతున్నడు, హైదరాబాదుల బంగ్లా ఉన్నది, లొల్లి సద్దుమణిగేదాక అక్కడనే ఉంటడు అని ఊర్ల తెలిసింది. గడి సర్దుడుకు ఆడోళ్లను పిలిచిన్రు. అమ్మను రోజూ పిలిచిన్రు.

మాపటికి ఇంటికొచ్చి అమ్మ చెప్తుండె. దొరసానికి నారాయణపేట చీరలే పెట్టెలకు పెట్టెలు. ఇత్తడి బిందెలు, వెండి గిన్నెలు, నిలువుటద్దం, మంచాలు. మామిడికాయ తొక్కు జాడీలు వరుసగ పెట్టుకున్నరంట. తొవ్వల పగులుతయని జాడీకొక గొంగడి చుట్టమన్నదంట దొరసాని. ఆ గొంగళ్లు మా ఇండ్ల నుంచి వెట్టికి పోయినయే. అమ్మ తన గొంగడిని అంచు చూసి గుర్తు పట్టిందంట. చలికాలం అవ్వకు కప్పుతనని వడికిన బొచ్చు అది. గడి నుంచి మనిషొచ్చి ఎత్తుకపోయిండు. ఆ చలికాలమంత అవ్వ గోనెసంచి కప్పుకొని పండుకున్నది.

"దాన్ని తొక్కుజాడీకి చుట్టిన" అన్నది అమ్మ. "నా చేతులతోనే చుట్టిన."

నాయిన తల దించుకొని కూసున్నడు. "దొర పోతె మంచిదే కద. పోనీ" అన్నడు.

"ఆయన పోతున్నడంటె ఆయనకేదో ఎరుకనే. మనకెవరు చెప్తరు?" అన్నది అమ్మ.

రెండు మూడు దినాలకు నాయిన మందను తోలుకొని దేవరకొండ గుట్టల దిక్కు పోయిండు. గొర్లు ఊర్ల ఉంటె తుపాకులోళ్లు కోసుకు తింటరని భయం.

దొర బయలెల్లే పొద్దున సుంకరి, అంటే ఊరి చాకిరి మనిషి, ఇంటిముందటికొచ్చి నిలబడ్డడు. బండ్లు నిండినయి, మిగిలిన పెట్టెలు నెత్తిమీద మోసి నార్కట్‌పల్లి రోడ్డు దాక తేవాలె, అక్కడ లారీ ఉంటది, ఇంటికొక ఆడమనిషి రావాలె అని చెప్పిండు.

"ఇంట్ల ముసల్ది, పిల్లలు. మొగోడు లేడు. ఎట్ల వస్త?" అన్నది అమ్మ.

"రాకపోతె ఏమైతదో నీకెరుకలేదా అక్కా? నన్ను ముందు కొడ్తరు" అన్నడు సుంకరి. అతను మంచోడే. అతనికి సుత వెట్టే.

అమ్మ తలుపు ఎనుక మూటను ఒకసారి తట్టి చూసింది. బుర్రల నీళ్లు నింపింది. "నేను మాపటికొస్త. ఏదన్న అయితె గుట్టకు పోవాలె. అవ్వను ఇడవొద్దు" అని నాతోటి చెప్పి పోయింది.

పొద్దు నెత్తిమీదికి రాకముందే ఊరి బురుజు మీద నుంచి డప్పు మోగింది. అది గుర్తు. లారీ దుమ్ము కనపడ్డదన్నట్టు.

మూట దించి నెత్తికెత్తుకున్న. తమ్మున్ని చంకలేసుకున్న. అవ్వ గడప మీద కూసున్నది, లేస్తలేదు. అవ్వ పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. అక్కడి నీళ్లు తాగి పెరిగినోళ్లకు నడుములు వంగి, కాళ్లు వంకరపోతుండె. అవ్వ నడిచేది కట్టె పట్టుకొని, నేల దిక్కు చూసుకుంటనే.

"నువ్వు పో బిడ్డా. నేను ఇంట్లనే కూసుంట. ముసల్దాన్ని నన్నేం చేస్తరు" అన్నది.

"నువ్వు రాకుంటె నేను సుత ఇక్కడనే కూసుంట" అని మూట దించిన. ధైర్యం ఏమి లేదు. అమ్మ మాట దాటితె తంతదని ఒక్కటే భయం. అవ్వ నన్ను తిట్టుకుంట లేచింది. ఆ తిట్లు తొవ్వ పొడుగుత తిట్టింది. నన్ను తిట్టింది, దొరను తిట్టింది, తన కాళ్లను తిట్టింది. మా ఎనుక వచ్చినోళ్లందరు మమ్మల్ని దాటుకొని ఉరికిపోయిన్రు. ఆగి ఒక చెయ్యి పట్టినోడు ఒక్కడు లేడు. వాళ్లను సుత అనలేను, వాళ్ల చంకల్ల వాళ్ల పిల్లలున్నరు.

గుట్ట మీద పెద్దబండల సందుల్ల కొన్ని కుటుంబాలు అప్పటికే దాక్కున్నయి. మేము ఎక్కినం. కింద తుపాకి చప్పుళ్లు వినపడ్డయి. కొంచెం సేపటికి పొగ లేచింది. ఎవరి ఇల్లు కాలుతాందో అక్కడి నుంచి తెల్వదు. కాలుతున్నది తమ ఇల్లే అని ఎవరికి వాళ్లు అనుకున్నరు.

బుర్రల నీళ్లు తమ్మునికే సరిపోయినయి. బండల నడుమ ఒక గుంటల ఎప్పుడో పడ్డ వాన నీళ్లు పాచి పట్టి ఉన్నయి, పురుగులు తేలుతున్నయి. అప్పుడు అవ్వ నడుముకు చుట్టుకున్న బట్ట విప్పింది. చూస్తె, అది ఆమె చావుబట్ట. మేము చూడనప్పుడు గూట్ల నుంచి తీసి లోపల చుట్టుకున్నది. దాన్ని పర్రున చింపి, మడత మీద మడత పెట్టి, బుర్ర మూతికి కట్టి నీళ్లు వడకట్టింది. "తాగు" అన్నది నాతోటి. పక్కోళ్ల పిల్లలకు సుత వడకట్టి పోసింది. ఎవరన్న ఏమన్న అంటరేమోనని అందరి దిక్కు ఒక చూపు చూసింది.

పొద్దు గుంకే వేళకు అమ్మ వచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు, కాళ్లు నెత్తురు. మమ్మల్ని దగ్గరికి తీసుకోలేదు, ఏడ్వలేదు. ముందు లెక్క చూసుకున్నట్టు ముగ్గురి దిక్కు చూసింది. తర్వాత మూట విప్పి రొట్టెలు ముక్కలు చేసుడు పెట్టింది. మాకు పెట్టి, ఏమీ తెచ్చుకోని ఇండ్ల పిల్లలకు పెట్టింది.

"రేపటికి?" అన్నది అవ్వ.

"రేపు చూద్దం" అన్నది అమ్మ. తను ఒక్క ముక్క నోట్ల పెట్టుకోలేదు. ఆకలి లేదేమో అనుకున్న నేను. కాదు.

తొవ్వల జరిగింది అప్పుడు చెప్పింది. అక్కడున్నోళ్లందరు విన్నరు.

ముందట బండ్లు, ఎనుక పెట్టెలు మోసే ఆడోళ్లు. పక్కన గుర్రం మీద దొర గుమస్తా. సగం తొవ్వ పోయినంక ఒకామెకు కండ్లు తిరిగి, జర దించుకుంట అని పెట్టె దించబోయిందంట. గుమస్తా గద్దించిండు. "నడువుండ్రి తొందరగ. ఇయ్యాల ఊరి మీదికి వాళ్లొస్తున్నరు. అటు దిక్కు లారీలు రాకముందే దొర రోడ్డెక్కాలె."

అమ్మ నిలబడ్డది. "ఎవరొస్తున్నరు?" అని అడిగింది.

నోరు జారిందని వానికి అప్పుడు తెలిసింది. "నీకెందుకు, నడువు" అన్నడు.

"దొరకు ఎరుకనా?"

"దొరకు ఎరుక లేకుండ ఊర్ల ఆకు కదులుతదా? నడువు."

అమ్మ పెట్టె దించింది. విసిరెయ్యలేదు, పగలకొట్టలేదు. తొవ్వ పక్కన నేల మీద పెట్టి, నెత్తి మీది చుట్టబట్ట దులిపి భుజం మీదేసుకొని ఎనుకకు తిరిగింది. గుమస్తా గుర్రాన్ని అడ్డం తెచ్చిండు. కొరడాతోటి ఒకటి కొట్టిండు, భుజం మీద తగిలింది. "నా పిల్లలు ఊర్ల ఉన్నరు" అని చెప్పి గుర్రం పక్కకెల్లి నడిచింది. ఎనుక నుంచి ఒక్కొక్క పెట్టె నేల మీద పెడుతున్న చప్పుడు వినపడ్డదంట. తిరిగి చూడలేదు. ఆడోళ్లందరు ఎవరి పిల్లల కోసం వాళ్లు ఉరికిన్రు.

దొరకు తెలుసు. నిన్ననే తెలుసు. జాడీలకు గొంగళ్లు చుట్టించేటప్పుడు తెలుసు. ఊరికి ఒక్క మాట చెప్తె చాలు, సుంకరి డప్పు కొడితె చాలు. తన పెట్టెలు మోసే ఆడోళ్లు లేకుండ పోతరని చెప్పలేదు.

రెండు దినాలకు గుట్ట దిగినం. మా ఇంటి కప్పు కాలింది, గోడలున్నయి. గింజల పాతర తవ్వి ఖాళీ చేసిన్రు. మా ఎదురింట్ల ఒక ముసలాయన ఉండె, నన్ను చూస్తె చింతగింజలు ఇచ్చెటోడు. ఆయనకు ఎవరు లేరు. ముసలోన్ని నన్నేం చేస్తరు అని ఇంట్లనే కూసున్నడంట. తలుపుల నడుమ పడి ఉన్నడు, తలకు దెబ్బ. అవ్వ ఆయన కాడికి పోయి కూసున్నది. చాలాసేపటికి లేచి వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. నాకు ఆ చెయ్యి బరువు ఇప్పటికి తెలుస్తది.

నాయిన మందతోటి తిరిగొచ్చి, సంగతి విని, భయపడ్డడు. "దొర పెట్టె తొవ్వల దించి వచ్చినవా?"

"వచ్చిన."

"దొర ఊకుంటడా?"

"నువ్వు ఊకుంటున్నవు కద, ఆయన్ని సుత ఊకుండమను" అన్నది అమ్మ. వాళ్లిద్దరు కొన్ని దినాలు మాట్లాడుకోలేదు.

వానలు పోయేటాలకు మిలట్రీ వచ్చింది, రాజ్యం మారింది. దొర తిరిగొచ్చిండు. పోయినప్పుడు జరీ టోపీ, వచ్చినప్పుడు తెల్ల టోపీ. గడి ముందట నిలబడి, ఇగ మనమందరం ఒక్కటే అన్నడు. ఆ వారంలనే పెట్టెలు దించిన ఆడోళ్లను పిలిపించిండు. కొన్ని పెట్టెలు దొరకలేదంట.

నాయిన వద్దన్నడు. అమ్మ పోయింది, నేను ఎంబడి పోయిన. దొర అరుగు మీద కుర్చీల కూసున్నడు. గొంతు మెత్తగ చేసుకొని, "మిమ్ములను కన్నబిడ్డల లెక్క చూసుకున్న. మీరు నా సామాను తొవ్వల పారేసి పోతరా?" అన్నడు.

మిగిలినోళ్లు నేల చూసిన్రు. అమ్మ చూసింది ఆయన మొకంలకు.

"గా దినం తుపాకులోళ్లు వస్తరని నీకెరుకనేనా దొరా?"

దొర గుమస్తా దిక్కు తిరిగిండు. గుమస్తా తన చెప్పుల దిక్కు చూసుకున్నడు. కాదు అని ఒక్క అబద్ధం చెప్పినా సరిపోతుండె. ఆ తిప్పల సుత పడలేదు ఆయన. మా ముందట అబద్ధం ఆడాల్సిన అవసరం సుత ఉన్నదనుకోలేదు.

"ఎదురింటి ముసలాయన సచ్చిండు" అన్నది అమ్మ. "ఇగ మా ఇంటి నుంచి గొంగడి రాదు, గొర్రె రాదు, నేను రాను." చెప్పి నా చెయ్యి పట్టుకొని మర్లింది. గడి వాకిలి దాటేదాక నా ఎముకలు నొప్పెట్టేటట్టు పట్టుకున్నది.

మాట నిలబెట్టుకున్నం గని, అది తేలిగ్గ కాలేదు. చెరువు శిఖంల, అంటే నీళ్లింకిన చెరువు నేలల, గొర్లు మేపొద్దన్నడు దొర. ఎండిన దినాలల్ల మంద సగమైంది. కొట్టం కప్పుకు గడ్డి కోసుకోనియ్యలేదు. అమ్మతోటి పెట్టెలు దించినోళ్లల్ల ఒకరిద్దరు మళ్ల గడికి పోవుడు మొదలుపెట్టిన్రు, అమ్మ వాళ్లను ఒక్క మాట అనలేదు. నాయిన మాత్రం అనుకోనట్టు మారిండు. ఒకనాడు గడి మనిషి గొంగడి కోసం వస్తె, నాయిననే గడపల అడ్డం నిలబడి, "మా ఇంటామె లేదని చెప్పింది కద" అని పంపించిండు. అప్పటిసంది అమ్మ ఆయనకు బువ్వ పెట్టేటప్పుడు మళ్ల పక్కన కూసునుడు మొదలుపెట్టింది.

ఆ మీది చలికాలమే అవ్వ పోయింది. అమ్మ వడికిన కొత్త గొంగడి కప్పి పంపినం.

నేను పెండ్లయి పిల్లల తల్లినయినంక ఒకసారి అమ్మను మెచ్చుకోబోయిన. గుమస్తా కొరడా కొట్టినా నువ్వు ఆగలేదు, ఎంత ధైర్యమే నీకు అన్న. అమ్మ బొచ్చు దువ్వుతాంది. దువ్వెన ఆపి నా దిక్కు చూసింది. ఆమె కండ్లల్ల ఆ పొద్దటి కోపమే ఉన్నది, జర్రంత సుత ఆరలేదు.

"ఏం ధైర్యం? వాడు నోరు జారకపోతె రోడ్డు దాక మోసేదాన్నే" అన్నది. "సగం తొవ్వ మోసిన కద."